తిరిగి వచ్చిన ఎముక

తిరుత్తణి కొండకు 365 మెట్లు. సంవత్సరానికి ఎన్ని రోజులో అన్ని మెట్లన్నమాట. ఏటా డిసెంబరు 31న అక్కడ మెట్ల పండుగ జరుగుతుంది. మెట్టు మెట్టుకూ పసుపు, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, పాటలు పాడుకుంటూ భక్తులు పైకెక్కుతారు. కొత్త సంవత్సరం పుట్టే వేళకు కొండ మీద సుబ్రహ్మణ్యస్వామి దర్శనం చేసుకుంటారు. ఆ ఊళ్ళోనే ఉంటున్న మా బావగారు, అంటే మా అక్క భర్త, ముప్పై ఏళ్ళ పాటు ఈ పండుగ ఒక్కసారి కూడా తప్పలేదు. బడిపంతులు కదా, పిల్లలను వెంటబెట్టుకుని, మెట్లు లెక్కపెట్టిస్తూ ఎక్కేవారు.

2016 డిసెంబరు 31న ఆయన నూరో మెట్టు దాకా కూడా వెళ్ళలేకపోయారు. కుడి మోకాలు పట్టుకుని ఓ పక్కన కూర్చుండిపోయారు. "మీరు పదండి, నేను మెల్లగా వస్తాను" అన్నారు. మేము దర్శనం చేసుకుని దిగి వచ్చేటప్పటికి ఆయన అదే మెట్టు మీద ఉన్నారు.

మన పత్రికలో వంటలు, పండుగలు, పిల్లల ముచ్చట్లు చదవడానికి అలవాటు పడిన పాఠకులకు, ఎముకలో పుట్టే క్యాన్సర్ గురించి ఒక బ్యాంకు ఉద్యోగి రాయడమేమిటని అనిపించవచ్చు. నేను బి.కాం. చదివిన వాడిని. వైద్యం నాకు తెలియదు. కానీ మా ఇంట్లో జరిగింది తెలుసు. అందులో నా తప్పు ఎంతో కూడా తెలుసు. మన సంఘం సంక్రాంతి సంబరాలలో ఇద్దరు సభ్యులు నన్ను పక్కకు పిలిచి, "మా వాళ్ళకూ ఇలాగే తుంటి నొప్పి, ఏం చేయమంటారు?" అని అడిగారు. ఇద్దరికీ చెప్పింది పది మందికీ పనికి వస్తుందని ఇది రాస్తున్నాను.

ఊరు కదలలేదు, జిల్లాలే కదిలాయి

మా బావగారు 1959లో తిరుత్తణిలో పుట్టారు. అప్పుడు తిరుత్తణి ఆంధ్రప్రదేశ్‌లో, చిత్తూరు జిల్లాలో ఉండేది. ఆయనకు ఏడాది నిండకుండానే, 1960 ఏప్రిల్ 1న, పటాస్కర్ సిఫారసుల మీద జరిగిన సరిహద్దు మార్పులలో తిరుత్తణి మదరాసు రాష్ట్రానికి వెళ్ళింది. చెంగల్పట్టు జిల్లాలో చేరింది. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. "నేనున్న ఇల్లు కదలలేదు. రెండు రాష్ట్రాలు, మూడు జిల్లాలు చూశాను" అని బావగారు అందరితో చెప్పి నవ్వించేవారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో పుట్టిన ఊరు మాది అని చెప్పుకోవడం ఆయనకు మరో సరదా.

ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో రెండూ. మా బంధువర్గమంతా అంతే. నేను ఆ రోజుల్లో తిరువళ్ళూరులో మా బ్యాంకు శాఖలో పని చేస్తున్నాను.

మోకాలు కాదు, తుంటి

జనవరిలో ఆయన మోకాలికి ఎక్స్‌రే తీయించారు. మోకాలు బాగానే ఉందనీ, వయసుకు తగిన అరుగుదల తప్ప ఏమీ లేదనీ చెప్పి నొప్పి మాత్రలు ఇచ్చారు. మాత్రలు వేసుకున్నంతసేపే ఉపశమనం. వీధి చివర తైలంతో మర్దనా చేసే పెద్దాయన ఒకరుంటే, ఆయన చేత మూడు వారాలు తొడకు, తుంటికి తైలం పట్టించారు. మన వైపు ఎముక విరిగితే పుత్తూరు కట్టు గుర్తుకు రావడం, నొప్పి వస్తే తైలం గుర్తుకు రావడం సహజమే కదా. విరిగిన ఎముక సంగతి వేరు. లోపల గడ్డ పెరుగుతున్న ఎముకను నలపడం, లాగడం మాత్రం కూడదని తరువాత తెలిసింది.

ఫిబ్రవరిలో అక్క ఫోను చేసింది. "ఒరేయ్ తమ్ముడూ, మీ బావకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదురా. పడుకుంటే నొప్పి ఎక్కువవుతోంది. ఒకసారి మద్రాసు తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకు చూపిద్దాం" అంది. నేను చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ చెవిలో వినిపిస్తూనే ఉంటుంది. "మార్చి నెలాఖరు లెక్కలు ముగియనీ అక్కా. ఏప్రిల్‌లో నేనే తీసుకెళ్తాను. వాతం నొప్పికి అంత కంగారు ఎందుకు?" అన్నాను. మార్చి ముగిసింది. ఏప్రిల్‌లో ఆడిట్ వచ్చింది. మే కూడా వచ్చింది.

మే నెలలో ఒక అమావాస్య నాడు అక్క, బావగారు తిరువళ్ళూరు వచ్చారు. అక్కడి వీరరాఘవస్వామిని వైద్య వీరరాఘవుడని పిలుస్తారు. గుడి పక్కన హృత్తాపనాశిని అనే కోనేరు. అందులో బెల్లం ముక్క వేస్తే, బెల్లం కరిగినట్లే రోగం కరుగుతుందని నమ్మకం. అమావాస్యకు జనం తండోపతండాలుగా వస్తారు. అక్క బెల్లం వేసి దండం పెట్టుకుని తిరిగి చూస్తే, బావగారు కోనేటి మెట్టు మీద నుంచి లేవలేకపోతున్నారు. ఇద్దరు పట్టుకుని లేపాల్సి వచ్చింది.

నాకు కోపం వచ్చింది. "ఇంకా బెల్లాలేనా అక్కా?" అన్నాను. అక్క నా వైపు చూసి, "బెల్లం వేశాను గాని, డాక్టరు వద్దన్నానా? నాలుగు నెలలుగా డాక్టరు దగ్గరకు తీసుకెళ్దామంటున్నది నేను. వాయిదా వేస్తున్నది నువ్వు" అంది. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. ఆ మధ్యాహ్నమే తిరువళ్ళూరులో ఒక చిన్న క్లినిక్‌కు తీసుకెళ్ళాను.

అక్కడి యువ డాక్టరు ఆయనను బల్ల మీద పడుకోబెట్టి, కాలు మడిచి, తుంటిని లోపలికి తిప్పి చూశారు. బావగారు అరిచారు. "నొప్పి మోకాలిలో తెలుస్తోంది, కానీ పుడుతున్నది తుంటిలో" అన్నారు డాక్టరు. తుంటి కీలుకు, మోకాలికి కబురు మోసే నరాలలో కొన్ని ఒకటే కావడం వల్ల ఇలా జరుగుతుందట. ఇద్దరికీ ఒకే టెలిఫోను ఉన్న ఇంట్లో, పిలుపు ఎవరికి వచ్చిందో తెలియనట్లు! కటి భాగానికి ఎక్స్‌రే తీస్తే, కుడి తుంటి గిన్నె దగ్గర ఎముక చెదిరి, మొక్కజొన్న పేలాలు చల్లినట్లు తెల్లటి చుక్కలు కనిపించాయి.

తుంటి గిన్నె అంటే

మన నడుము కింద ఎముకలన్నీ కలిసి ఒక వలయంలా ఉంటాయి. దానికి రెండు పక్కలా గిన్నెలా లోతైన గుంట ఒక్కొక్కటి ఉంటుంది. తొడ ఎముక పైకొన బంతిలా ఉండి ఆ గిన్నెలో కూర్చుంటుంది. కొబ్బరి చిప్పలో నిమ్మకాయ పెట్టి తిప్పినట్లు అది అన్ని వైపులా తిరుగుతుంది. కూర్చున్నా, లేచినా, మెట్టెక్కినా శరీర బరువు మోసేది ఆ గిన్నెలే. నడిచేటప్పుడు ఒక్కొక్క అడుగుకూ తుంటి మీద పడే భారం మన బరువుకు రెండున్నర, మూడు రెట్లు ఉంటుంది. చిన్నతనంలో ఆ గిన్నె మూడు ఎముకలు కలిసే చోటు. పెద్దయ్యాక ఆ మూడూ అతుక్కుని ఒకటవుతాయి.

ఆ గిన్నె పక్కనుంచే కాలికి వెళ్ళే పెద్ద రక్తనాళాలు, తొడ వెనుక నుంచి పాదం దాకా పోయే పెద్ద నరం వెళ్తాయి. లోపలి వైపు మూత్రాశయం ఉంటుంది. కడుపు లోపల ఖాళీ ఎక్కువ కాబట్టి, చేతి మీద గడ్డ కనిపించినట్లు ఇక్కడి గడ్డ కనిపించదు. నారింజకాయంత పెరిగినా పైకి తెలియకపోవచ్చు. అందుకే తుంటి ఎముకలో పుట్టిన క్యాన్సర్ ఆలస్యంగా బయటపడుతుంది.

ఎముకలో పుట్టే క్యాన్సర్లు అరుదైనవే. పిల్లలకు, యువకులకు వచ్చేవి కొన్ని ఉన్నాయి. వాటికి మందుల చికిత్స బాగా పనిచేస్తుంది. నడివయసు వారికి మృదులాస్థి కణాల నుంచి పుట్టే రకం ఎక్కువ. దీన్ని కాండ్రోసార్కోమా అంటారు. సాధారణంగా దీనికి కీమోథెరపీ పెద్దగా పనిచేయదు, రేడియేషనూ అంతే. ముఖ్యమైన చికిత్స కత్తే. మా బావగారికి వచ్చింది ఇదే.

ముక్క పరీక్ష ఎక్కడ చేయాలి?

తిరువళ్ళూరు డాక్టరుగారు చేసిన మేలు ఒకటి చెప్పాలి. "ఇక్కడే ముక్క తీసి పరీక్షకు పంపరాదా?" అని నేను అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. "ఆపరేషన్ ఎవరు చేస్తారో వాళ్ళే ముక్క తీయాలి. సూది వెళ్ళిన దారిలో క్యాన్సర్ కణాలు అంటుకుని ఉండవచ్చు. తరువాత గడ్డతో పాటు ఆ దారిని కూడా తీసేయాలి. తప్పు చోట గాటు పెడితే, నిలబెట్టగల కాలు పోతుంది" అన్నారు. ఫీజు కూడా తీసుకోకుండా ఉత్తరం రాసి మద్రాసు పంపారు. ఆ ఉత్తరం విలువ నాకు మూడు నెలల తరువాత తెలిసింది.

మద్రాసు అంటే ఈ విషయంలో మనకు దగ్గర్లో ఉన్న పెద్ద దిక్కే. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారు తన చెల్లెలిని క్యాన్సర్‌కు పోగొట్టుకుని, పట్టుబట్టి 1954లో అడయారులో 12 పడకలతో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభించారు. 1955లో అక్కడ చేరిన డాక్టర్ వి. శాంత గారు 2021లో కన్నుమూసే వరకు దాన్నే ఇల్లుగా చేసుకున్నారు. 1980ల చివర నుంచి డాక్టర్ మయిల్‌వాహనన్ నటరాజన్ గారు, క్యాన్సర్ వచ్చిన ఎముక తీసేసి, రోగి కొలతలకు మన దేశంలోనే తయారు చేయించిన లోహపు ఎముకలు అమర్చి, ఎందరి కాళ్ళనో నిలబెట్టారు. విదేశీ ఎముక కొనే స్తోమత లేని వారికి ఇది ఎంత వరమో వేరే చెప్పనక్కరలేదు. ఆయనకు 2007లో పద్మశ్రీ వచ్చింది.

మేము వెళ్ళిన ఆసుపత్రిలో ఎం.ఆర్.ఐ. తీశారు. ఈ జబ్బు ముందుగా పాకేది ఊపిరితిత్తులకు కాబట్టి ఛాతీకి స్కాన్ చేశారు. అక్కడ ఏమీ లేదు. తరువాత సూదితో ముక్క తీశారు. రెండో తరగతి కాండ్రోసార్కోమా అని తేలింది. ఒకటి మెల్లగా పెరిగేది, మూడు వేగంగా పాకేది. మాది మధ్యది. నాలుగు నెలలు ముందు వచ్చి ఉంటే ఏమై ఉండేదని డాక్టరుగారిని అడిగాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఇప్పుడైనా వచ్చారు కదా" అన్నారు. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

నాలుగు దారులు

ఒక సాయంత్రం ఆ సర్జన్‌గారు మమ్మల్ని కూర్చోబెట్టి, కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. ఆయన తమిళంలో చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను.

మొదటి దారి, తుంటితో సహా కాలు మొత్తం తీసేయడం. 19వ శతాబ్దం చివర ఐరోపాలో మొదలైన ఈ ఆపరేషనే చాలాకాలం తుంటి క్యాన్సర్‌కు మార్గంగా ఉండేది. 1970ల నుంచి స్కాన్‌లు వచ్చి గడ్డ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో స్పష్టంగా కనిపించడం వల్ల, కాలు ఉంచి గడ్డను మాత్రం తీసే పద్ధతులు పెరిగాయి. 1978లో ఎన్నెకింగ్, డన్‌హామ్ అనే అమెరికన్ డాక్టర్లు కటి ఎముకలలో ఏ భాగం తీయాల్సి వస్తుందో దాన్ని బట్టి ఆపరేషన్లను వర్గాలుగా విభజించారు. తుంటి గిన్నెను తీయడం అందులో రెండో వర్గం. ఈ రోజుకూ సర్జన్లు ఆ భాషే మాట్లాడుకుంటారు.

రెండో దారి, గిన్నెను తీసేసి ఏమీ పెట్టకుండా వదిలేయడం, లేదా తొడ ఎముక కొనను మిగిలిన ఎముకకు ఆనించి కండలతో కట్టడం. కాలు కొన్ని సెంటీమీటర్లు పొట్టి అవుతుంది. ఎత్తు చెప్పు వేసుకుని, చేతికర్రతో నడవాలి. కానీ లోపల లోహం లేదు కాబట్టి చీము పట్టే భయం తక్కువ.

మూడో దారి, లోహపు గిన్నె. తుంటి కీలు మార్పిడికి బాట వేసింది 1962లో ఇంగ్లండులో సర్ జాన్ చార్న్‌లీ. లోహపు బంతి, ప్లాస్టిక్ గిన్నె, వాటిని ఎముకకు పట్టించే సిమెంటు ఆయన పద్ధతి. అరిగిపోయిన కీలుకు అది చాలు. కానీ క్యాన్సర్‌లో గిన్నెను మోసే ఎముకే పోతుంది. గోడే లేనప్పుడు అలమర ఎక్కడ బిగిస్తాం? దానికోసం ఐస్‌క్రీం కోన్ ఆకారంలో మొన ఉన్నవి, జీను ఆకారంలో ఉన్నవి వచ్చాయి. 2010ల నుంచి రోగి స్కాన్‌ను బట్టి టైటానియం పొడిని పొరలు పొరలుగా ముద్రించి చేసేవి కూడా వచ్చాయి.

నాలుగో దారి వింటే నాకు నమ్మకం కుదరలేదు. రోగి సొంత ఎముకనే బయటకు తీసి, గడ్డను గీకి శుభ్రం చేసి, మిగిలిన క్యాన్సర్ కణాలు చచ్చేంత రేడియేషన్ ఇచ్చి, మళ్ళీ అదే చోట అమర్చడం! 1968లో ఇజ్రాయెల్ డాక్టర్లు స్పీరా, లూబిన్ ఈ పద్ధతిని మొదట ప్రకటించారు. తరువాత అనేక దేశాలలో, మన దేశంలోనూ వాడుకలోకి వచ్చింది. జపాన్‌లో రేడియేషన్‌కు బదులు ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించే పద్ధతి కూడా ఉంది.

నా లెక్క, డాక్టరుగారి లెక్క

నేను బ్యాంకు వాడిని. ఖరీదు ఎక్కువైతే సరుకు మంచిదనే లెక్క నా బుర్రలో ఉంది. పైగా నాలుగు నెలలు పోగొట్టానన్న బాధ ఒకటి. "విదేశంలో ముద్రించినదే తెప్పించండి సార్. డబ్బు సంగతి నేను చూసుకుంటాను. పి.ఎఫ్. తీస్తాను, ఇల్లు తాకట్టు పెడతాను" అన్నాను. అక్క తలవంచుకుంది. బావగారు కిటికీలోంచి బయటకు చూస్తున్నారు.

సర్జన్‌గారు కాసేపు ఊరుకుని ఇలా అన్నారు. "ఈ ఆపరేషన్‌కు ఒక వరుస ఉంది. ముందు ప్రాణం. తరువాత కాలు. ఆ తరువాత నడక. ఈ వరుస తారుమారు కాకూడదు. గడ్డను చుట్టూ మంచి కండతో కలిపి శుభ్రంగా తీయడమే అసలు పని. ఏ గిన్నె పెడతామన్నది దాని తరువాతి మాట. ముద్రించిన గిన్నెలు మంచివే. కొందరికి అవే సరైనవి. కానీ మీ బావగారి ఎముకలో గట్టితనం ఇంకా మిగిలి ఉంది. గడ్డ దాన్ని పూర్తిగా తినలేదు. కాబట్టి ఆయన ఎముకనే తిరిగి పెట్టవచ్చు. దానికంటే సరిగ్గా అమరేది ప్రపంచంలో ఎవరూ తయారు చేయలేరు."

తరువాత నా వైపు తిరిగి, "డబ్బు దాచుకోండి. ఇలాంటి పెద్ద ఆపరేషన్లలో గాయానికి చీము పట్టడం మామూలు తుంటి మార్పిడి కంటే చాలా ఎక్కువ. రెండో ఆపరేషన్ రావచ్చు. ఆరు నెలలు ఆయన పక్కన ఒక మనిషి ఉండాలి. వ్యాయామం చేయించేవాళ్ళు కావాలి. అవసరమయ్యేది అప్పుడు" అన్నారు.

మొండి బాకీలకు ముందే కొంత సొమ్ము పక్కన పెట్టాలని ఇరవై ఏళ్ళుగా అందరికీ చెప్పే నాకు, ఆ మాట ఒక సర్జన్ చెప్పాల్సి వచ్చింది.

బావగారు అప్పుడు నోరు విప్పారు. "ఏమయ్యా ఆఫీసరూ, నీ తాకట్లు ఆపు. నేను పుట్టిన ఏడాదికే మా ఊరంతా ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్ళింది. నా ఎముక ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్ళి రావడం ఒక లెక్కా?" అన్నారు. సర్జన్‌గారికి తెలుగు అర్థం కాకపోయినా, అక్క నవ్వడం చూసి ఆయనా నవ్వారు. అక్క నవ్వి అప్పటికి మూడు వారాలైంది.

ఎముక ప్రయాణం

2017 ఆగస్టులో ఆపరేషన్ జరిగింది. ఉదయం లోపలికి తీసుకెళ్ళిన వారిని బయటకు తెచ్చేసరికి రాత్రయింది. రక్తం ఇవ్వడానికి మా శాఖ ఉద్యోగులు, బావగారి పాత విద్యార్థులు పొద్దున్నే లోకల్ ట్రెయిన్‌లో వచ్చి వరుసగా కూర్చున్నారు. ఎవరిది తమిళం, ఎవరిది తెలుగు అని ఆ రోజు ఎవరూ అడగలేదు.

లోపల జరిగింది డాక్టరుగారు తరువాత వివరించారు. గిన్నె ఉన్న ఎముక భాగాన్ని పైనా కిందా కోసి, చుట్టూ ఉన్న కండతో సహా గడ్డను ఒకే ముద్దగా బయటకు తీశారు. పక్క బల్ల మీద దాన్ని శుభ్రం చేసి, క్రిములు చేరకుండా పొరలు పొరలుగా చుట్టి, రేడియేషన్ గదికి పంపారు. దానికి ఒకే విడతలో 50 గ్రే మోతాదు ఇచ్చారు. బతికున్న శరీరానికి ఒకేసారి అంత ఇవ్వలేరు. శరీరం బయట ఉంది కాబట్టే ఇవ్వగలిగారు. ఆ మోతాదుకు ఎముకలోని మంచి కణాలు, చెడ్డ కణాలు అన్నీ చనిపోతాయి. కానీ ఎముక కట్టడం చెక్కుచెదరదు. ఈలోగా ఇటు సర్జన్లు రక్తస్రావం ఆపి, నరాన్ని, రక్తనాళాలను కాపాడుకుంటూ కూర్చున్నారు. ఎముక తిరిగి వచ్చాక కడిగి, పాత చోటే పలకలు, మరలతో బిగించారు. గిన్నె లోపల ప్లాస్టిక్ గిన్నెను సిమెంటుతో పట్టించి, తొడ ఎముకకు లోహపు బంతి అమర్చారు.

ఆ చచ్చిన ఎముక మెల్లగా పక్కనున్న బతికిన ఎముకతో అతుక్కోవాలి. దానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది కూడా పడుతుంది. అందాకా దాని మీద పూర్తి భారం వేయకూడదు.

సర్జన్‌గారు చెప్పినట్లే అయింది. మూడో వారంలో గాయం నుంచి నీరు, తరువాత చీము వచ్చింది. మళ్ళీ తెరిచి కడిగారు. ఆరు వారాలు సెలైన్ ద్వారా మందులు ఎక్కించారు. ఇల్లు తాకట్టు పెట్టి ఉంటే, ఆ ఆరు వారాలకు నా దగ్గర ఏమీ మిగిలి ఉండేది కాదు.

మూడు నెలలు మంచం, ఆ తరువాత వాకర్, ఆ తరువాత రెండు కర్రలు. కింద కూర్చుని భోజనం చేయకూడదు, బాసిపట్టు వేయకూడదు, కుర్చీ ఎత్తుగా ఉండాలి. నలభై ఏళ్ళు చాప మీద కూర్చుని తిన్న మనిషి బల్ల మీదకు మారారు. అక్క కూడా కింద కూర్చోవడం మానేసింది. "ఆయన పైన, నేను కిందా ఏమిటిరా?" అంది. 2018 వేసవికి ఒక్క చేతికర్రతో వీధి చివరి దాకా వెళ్ళి వచ్చారు.

వేరే చోట పుట్టి తుంటికి వచ్చేది

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. ఎముకలోనే పుట్టే క్యాన్సర్ కంటే, వేరే చోట పుట్టి ఎముకకు వచ్చేది చాలా ఎక్కువ. రొమ్ము, ప్రోస్టేటు, ఊపిరితిత్తులు, మూత్రపిండం, థైరాయిడ్... వీటి నుంచి వెన్నెముకకు, ఆ తరువాత కటి ఎముకలకు పాకుతుంది. ఎప్పుడో పదేళ్ళ క్రితం రొమ్ము క్యాన్సర్‌కు వైద్యం చేయించుకున్న అమ్మకు ఇప్పుడు తుంటి నొప్పి వస్తే, "కీళ్ళ నొప్పులు లెమ్మని" ఊరుకోకూడదు.

అక్కడ ఆపరేషన్ ఉద్దేశం వేరు. జబ్బును పూర్తిగా తీసేయడం కాదు, ఉన్నన్నాళ్ళు నొప్పి లేకుండా కూర్చుని, నడిచేలా చూడటం. 1981లో హారింగ్టన్ అనే అమెరికన్ సర్జన్ దీనికో పద్ధతి రాశారు. తినేసిన గిన్నె చోట, పైనున్న గట్టి ఎముకలోకి ఉక్కు కడ్డీలు గుచ్చి, వాటి చుట్టూ సిమెంటు నింపి, దాని మీద కొత్త గిన్నె పెట్టడం. మన ఇళ్ళకు శ్లాబు వేసేటప్పుడు ఇనుప కడ్డీలు పరిచి కాంక్రీటు పోస్తామే, అదే సూత్రం. ఎముక అతుక్కునే దాకా ఆగనక్కరలేదు కాబట్టి తొందరగా లేచి నిలబడవచ్చు.

మా శాఖలో పనిచేసిన ఒక సహోద్యోగి తల్లిగారికి 2019లో ఇలా చేశారు. ఆమె పద్నాలుగు నెలలు జీవించారు. ఆ పద్నాలుగు నెలలూ పెరట్లో తులసికోట దాకా తానే నడిచి వెళ్ళి నీళ్ళు పోశారు. "అంత పెద్ద ఆపరేషన్ పద్నాలుగు నెలలకా?" అని ఎవరో అడిగితే, ఆయన "ఆ నడక మా అమ్మ అడిగిందండీ" అన్నారు.

పాఠకులకు నాలుగు మాటలు

ఒకటి. నాలుగు వారాలు దాటిన నొప్పి, రాత్రి నిద్ర లేపే నొప్పి, విశ్రాంతితో తగ్గని నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించండి. మోకాలు బాగుందంటే తుంటి కూడా చూడమని మీరే అడగండి. తేలేదాకా మర్దనా వద్దు. నూటికి తొంభై పాళ్ళు అది క్యాన్సర్ కాకపోవచ్చు. కాదని తెలుసుకోవడం కూడా లాభమే కదా.

రెండు. ఎముకలో గడ్డ అనుమానమైతే, ఆపరేషన్ జరిగే చోటే ముక్క పరీక్ష చేయించండి.

మూడు. డబ్బు. తమిళనాడులో 2009లో మొదలై, 2012 నుంచి ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం పేరుతో నడుస్తున్నది ఉంది. ఆంధ్రలో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. సరిహద్దులో ఉన్న మన కుటుంబాలు తికమకపడేది ఇక్కడే. భాషను బట్టి కాదు, మీ రేషన్ కార్డు ఏ రాష్ట్రానిదో దాన్ని బట్టే పథకం. కార్డులో పేర్లు, వయసులు ఆరోగ్యంగా ఉన్నప్పుడే సరిచూసుకోండి. చికిత్స కోసం వెళ్ళే క్యాన్సర్ రోగికి, వెంట వెళ్ళే ఒకరికి రైల్వే వారు ఛార్జీలో రాయితీ ఇస్తారు. ఆసుపత్రి వారి ధ్రువపత్రం తీసుకోండి. ఎంత ఖర్చవుతుందని అడిగినప్పుడు, ఆపరేషన్ తరువాతి ఏడాదికి ఎంత అని కూడా అడగండి.

నాలుగు. దూరం ఇదివరకంత కాదు. తిరువళ్ళూరులో ప్రభుత్వ వైద్య కళాశాల 2022లో వచ్చింది. తిరుపతిలో టాటా ట్రస్టుల సహకారంతో క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఆ ఏడాదే ప్రారంభమైంది. ఇంత పెద్ద ఆపరేషన్‌కు చెన్నై, వేలూరు వంటి చోట్లకు వెళ్ళాల్సి రావచ్చు గాని, మొదటి పరీక్షకు ఎవరూ మార్చి నెలాఖరు దాకా ఆగనక్కరలేదు.

బావగారికి మొదటి రెండేళ్ళు మూడు నెలలకోసారి, తరువాత ఆరు నెలలకోసారి పరీక్షలు జరిగాయి. ఈ రకం క్యాన్సర్ ఆలస్యంగా తిరిగి రావచ్చు కాబట్టి పదేళ్ళ దాకా చూపించుకుంటూ ఉండాలి. ప్రతిసారీ ఛాతీ స్కాన్ రిపోర్టు చేతికి వచ్చేదాకా అక్క ఏమీ తినదు. నేను మాత్రం ఇప్పుడు ఏ పరీక్షకూ వెళ్ళకుండా ఉండను. ఆ రోజు మార్చి 31 అయినా సరే సెలవు పెడతాను.

2024 డిసెంబరు 31న మేమంతా తిరుత్తణి వెళ్ళాం. ఆయన మెట్లు ఎక్కలేదు. ఇక ఎక్కరు కూడా. కొండ మీదకు వాహనాలు వెళ్ళే రోడ్డు ఉంది. కారులో పైకి తీసుకెళ్ళి, మెట్లు ముగిసే చోట కుర్చీ వేసి కూర్చోబెట్టాం. కింద నుంచి మనవడు ఒక్కొక్క మెట్టూ లెక్కపెడుతూ ఎక్కి వచ్చాడు. "తాతయ్యా, 364 వచ్చాయి" అన్నాడు ఆయాసపడుతూ.

"ఒకటి తప్పావు. పొద్దున దిగేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టు" అన్నారు బావగారు. చేతికర్ర ఆనించి, తనంతట తానే లేచి, దర్శనానికి వరుసలో నిలబడ్డారు.